చుక్కలు

బాబాయి పన్నెండో రోజు కార్యక్రమం అయిపోయి చుట్టాలంతా సంచులు సర్దుకుంటుంటే, పిన్ని బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టింది. "ఆ పుస్తకాల సంగతేదో నువ్వే చూడరా. నాకవి ఏనాడూ అర్థం కాలేదు," అంది. తలుపు లాగగానే ముందు కలరా ఉండల వాసన కొట్టింది. దాని వెనకాలే, కాస్త ఆలస్యంగా, అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసన. ఆ వాసనకి నేను ఎనిమిదో క్లాసులోకి వెళ్లిపోయాను.

అడుగు అరలో ముప్పై దాకా షార్ట్‌హ్యాండ్ పుస్తకాలున్నాయి. పక్కన హార్లిక్స్ సీసాలో వేలెడు కూడా లేని పెన్సిల్ ముక్కలు. ఏ పుస్తకం తెరిచినా గీతలు, కొక్కేలు, చుక్కలు. కోడి కెలికినట్టుందని పిన్ని ఎప్పుడూ ఎగతాళి చేసేది.

బాబాయి శాసనసభలో రిపోర్టరు. పేపరు రిపోర్టరు కాదు. సభలో స్పీకరు గారి ముందున్న బల్ల దగ్గర కూర్చుని, ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా దించుకునే ఉద్యోగం. కాసేపు రాయడం, తర్వాతి మనిషి వచ్చి కూర్చోగానే లేచి వెళ్లి దాన్ని మామూలు తెలుగులోకి మార్చడం. పబ్లిక్ గార్డెన్స్‌లో ఆ తెల్లటి గుమ్మటాల భవనం 1913లో టౌన్‌హాలుగా పూర్తయింది. సమావేశాలు లేని రోజుల్లో నన్ను ఆ తోటకి తీసుకెళ్లేవాడు. భవనం వైపు చెయ్యి చూపించి "అక్కడే" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

హైస్కూలు చదువంతా వాళ్లింట్లోనే సాగింది నాకు. పొద్దున్నే ఆరూ నలభై అయిదుకి ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు మొదలయ్యేసరికి బాబాయి పుస్తకం ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. రేడియోలో మాట, కాయితం మీద పెన్సిల్ రాపిడి, వంటింట్లో పిన్ని తాలింపు చప్పుడు. ఆ మూడూ కలిసి మోగితేనే నాకు తెల్లారినట్టు. సభ నోట్సు ఇంటికి తేకూడదు కాబట్టి బీరువాలో ఉన్నవన్నీ ప్రాక్టీసు పుస్తకాలే. అంత సర్వీసు ఉన్న మనిషికి ప్రాక్టీసు ఎందుకని అడిగితే, "చెవికి తుప్పు పడుతుందిరా" అనేవాడు.

ఒకసారి నాకు రెండు గీతలు గీసి చూపించాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి సన్నం, ఒకటి లావు. "సన్నగా గీస్తే ప, ఒత్తి గీస్తే బ. త, ద కూడా అంతే. అచ్చులు చాలాచోట్ల వదిలేస్తాం, సందర్భాన్ని బట్టి చదువుకోవాలి." అందుకే పెన్సిల్. ఒత్తిడి దానికే బాగా తెలుస్తుంది. ఒక్కోసారి మంచిమాటకీ బూతుకీ మధ్య ఆ ఒత్తిడే తేడా అని చెప్పి, వెంటనే నాలిక కరుచుకున్నాడు. పిల్లాడి దగ్గర ఆ ప్రస్తావన ఎందుకు తెచ్చానా అని కాబోలు.

* * *

బూతు సంగతి నాకు అప్పటికే తెలుసు. ఆ పాఠం ఇస్త్రీ బండి దగ్గర జరిగింది.

వీధి చివర వేపచెట్టు కింద ఒక పెద్దాయన ఇస్త్రీ బండి పెట్టుకునేవాడు. నా స్కూలు చొక్కా జేబు మీద బొగ్గు నిప్పు పడి చిన్న చిల్లు పడింది. నేను కోపంతో, బడిలో పెద్దపిల్లల దగ్గర కొత్తగా నేర్చుకున్న మాట ఒకటి, దాని పూర్తి అర్థం కూడా తెలియకుండా, ఆయన మొహం మీదే అనేశాను. ఆయన ఏమీ అనలేదు. సాయంత్రానికి సంగతి ఇంటికి చేరింది.

బాబాయి కొట్టలేదు, అరవలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని "ఏమన్నావు?" అన్నాడు.

"తిట్టాను."

"తిట్టావని తెలుసు. ఏమని?"

చెప్పలేక బిక్కచచ్చిపోయాను. "నేను రోజూ వినేవీ రాసేవీ ఇవే. నువ్వు అనగలిగినవాడివి, మళ్లీ చెప్పలేవా?" అని అడిగాడు. చివరికి వినీ వినపడకుండా చెప్పాను. అప్పుడు చెప్పులేసుకుని నన్ను బండి దగ్గరికి తీసుకెళ్లాడు. నేను "సారీ తాతా" అని వెనక్కి తిరగబోతే భుజం పట్టుకుని ఆపాడు. "దేనికో చెప్పు."

నలుగురైదుగురు బట్టల మూటలతో నిలబడి ఉన్నారు. పొద్దున నేను తిట్టినప్పుడూ అంతమందే ఉన్నారని బాబాయి ముందే కనుక్కున్నట్టున్నాడు. "పొద్దున మిమ్మల్ని అంత మాట అన్నాను తాతా, తప్పయిపోయింది" అన్నాను. తాత తల ఎత్తలేదు. చేత్తో నీళ్లు చిలకరించి చొక్కా కాలరు మీద పెట్టె నడిపించాడు. ఆవిరి లేచింది. "పెట్టె వేడిగా ఉంది, జరుగు బాబూ" అన్నాడు. అంతే.

నన్ను దగ్గరికి తీసుకుంటాడని, పోనీలే అంటాడని అనుకున్నాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదాయన. దారిలో బాబాయిని అడిగాను, క్షమాపణ చెప్పాను కదా, ఇంకా కోపమెందుకని. "చెప్పడం వరకే నీ పని. తీసుకోవడం ఆయనిష్టం" అన్నాడు.

* * *

శాసనసభలో గొడవైన రోజు బాబాయి ఇంటికి రాగానే తెలిసిపోయేది. కుడి అరచేతి అంచు నల్లగా ఉండేది, వేగంగా రాస్తే అంటుకునే సీసం. పిన్ని "ఏమైందివాళ?" అంటే "మామూలే" అనేవాడు.

నోరు జారిన మాటని ఏం చేస్తారని ఒకసారి అడిగాను. "స్పీకరు గారు రికార్డుల్లోంచి తొలగిస్తున్నాం అంటారు. మేం ఆ చోట నక్షత్రాలు పెడతాం." రబ్బరుతో చెరిపేస్తారనుకున్న నాకు ఇది మహా అందంగా తోచింది, తిట్టు పోయి నక్షత్రాలు రావడం. తర్వాత నేను పేపర్లోకి వచ్చాక లోక్‌సభ నిబంధనలు తిరగేస్తే 380, 381 కనిపించాయి. పరువు తీసే, అసభ్యమైన, సభకి తగని మాటల్ని తీసేయమని స్పీకరు ఆదేశించవచ్చునని మొదటిది. తీసేసిన చోట నక్షత్రం గుర్తులు వేసి, ఆదేశం మేరకు తొలగించామని అడుగున రాయాలని రెండోది. ఏయే మాటలు సభకి పనికిరావో లోక్‌సభ సచివాలయం పుస్తకమే వేసింది, 1999 నాటి కూర్పు దాదాపు 900 పేజీలు. అప్పట్లో నాసిక్ ఎంపీగా ఉన్న హేమంత్ గాడ్సే ఇంటిపేరు కూడా ఆ జాబితాలో చిక్కుకుంది. ఆయన మొరపెట్టుకుంటే 2015లో గానీ సడలించలేదు. బాబాయికి ఈ కథ చెబితే కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

నవ్వే విషయం కాదు గానీ ఇంకొకటుంది. సభలో అన్న మాటకి సభ్యుడి మీద కోర్టుకెళ్లడానికి వీల్లేదు. పార్లమెంటుకి రాజ్యాంగం 105వ అధికరణం, శాసనసభలకి 194 ఆ రక్షణ ఇస్తున్నాయి. నిర్భయంగా మాట్లాడటానికి పెట్టిన కంచె అది. బయట తిడితే పరువునష్టం దావా వేయొచ్చు. లోపల తిడితే స్పీకరు, సభా సంఘాలు, ఆ మనిషి బుద్ధి. మరి అక్కడ తిట్టు తిన్నవాడికి దక్కగలిగింది ఏమైనా ఉంటే ఆ క్షమాపణ ఒక్కటే. సభ ఇచ్చేది నక్షత్రాలు.

ఒక రాత్రి ఒక సభ్యుడు మా ఇంటికే వచ్చాడు, బంగినపల్లి పళ్ల బుట్టతో. ఆరోజు గందరగోళంలో ఆయన అన్న మాటొకటి ఎవరూ పట్టించుకోలేదు, స్పీకరు గారు తొలగించనూ లేదు. బాబాయి చెవిన మాత్రం పడింది, కాయితం మీద ఉంది. "కొంచెం మార్చండి, ప్రతిపక్షం వాళ్లు చూస్తే బాగుండదు" అని బతిమాలాడు. నేను గుమ్మం పక్కన లెక్కలు చేస్తున్నట్టు నటిస్తూ వింటున్నాను.

"విన్నది తప్పుగా రాసుంటే దిద్దుకోండి సార్. మీరన్నది మార్చడానికి నాకు అధికారం లేదు," అన్నాడు బాబాయి. "రేపు సభలో లేచి ఆయన్ని క్షమించమని అడగండి. అదీ రాస్తాను. దీనికన్నా శుభ్రంగా రాస్తాను."

ఆయన లేచి వెళ్లిపోయాడు. బుట్ట కూడా పట్టుకెళ్లాడు. "పళ్లయినా ఉంచమనాల్సింది" అని పిన్ని వారం రోజులు సణిగింది. మర్నాడు ఆయన సభకే రాలేదట.

* * *

నేను డిగ్రీ అయ్యాక ఒక దినపత్రిక డెస్కులో చేరాను. ఏ పత్రికో అనవసరం, అప్పట్లో అన్ని డెస్కులూ ఒకటే. ట్యూబులైట్ల మోత, గమ్ము వాసన, అద్దాల బల్ల మీద బ్రోమైడ్లు కత్తిరించి అతికించే కుర్రాళ్లు, పన్నెండు దాటితే టీ కెటిల్. జిల్లాల నుంచి విలేకరులు ఫోన్లో వార్త చదివేవాళ్లు. నాయకుల సభల సీజనొస్తే వాళ్ల గొంతు ఒక్కసారిగా తగ్గేది. "సార్, ఇక్కడొక మాటన్నాడు... ఎలా చెప్పను?" ఎస్టీడీ బూతులో పక్కన ఆడవాళ్లున్నారని ఒకతను అక్షరం అక్షరం విడగొట్టి చెప్పాడు. అది ఇంకా ఘోరంగా వినపడింది.

చెప్పించుకునేవాళ్లం, చుక్కలు పెట్టేవాళ్లం. లేదా "పరుష పదజాలంతో విరుచుకుపడ్డారు" అని రాసేవాళ్లం. ఈ ఒక్క వాక్యం నా చేతుల మీదుగా ఎన్నిసార్లు అచ్చయిందో లెక్క లేదు. తల్లిని తిట్టినా విరుచుకుపడటమే, కులం పేరు పెట్టి తిట్టినా విరుచుకుపడటమే, పన్నుల మీద విమర్శించినా విరుచుకుపడటమే.

శాసనసభ వార్తలైతే చుక్కలు కూడా జాగ్రత్తగానే. సభ తొలగించిన మాటలు వేస్తే సభాహక్కుల ఉల్లంఘన. చేరిన కొత్తలో మా న్యూస్ ఎడిటర్ గారు ఈ పాఠం చెబుతూ సర్చ్‌లైట్ కేసు చెప్పారు. పట్నాలో ఆ పేరుగల పత్రిక 1957లో బీహార్ శాసనసభలో తొలగించిన ప్రసంగభాగాన్ని వేసింది. సంపాదకుడికి నోటీసు వచ్చింది, సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1958లో అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు సభ పక్షాన నిలబడ్డారు. పత్రిక వైపు మాట్లాడిన ఒకే ఒక్కరు కోకా సుబ్బారావు గారు. "మనాయనే" అని ఆ మాట దగ్గర మాత్రం మా ఎడిటర్ గారు కుర్చీలో కాస్త నిటారుగా కూర్చునేవారు.

ఆయన నన్ను ఒక్కసారే గట్టిగా కోప్పడ్డారు. ఒక మంత్రి ఎవరినో నోటికొచ్చినట్టు తిట్టి, మూడోనాడు ప్రకటన పంపాడు. నేను "మంత్రి క్షమాపణ" అని హెడ్డింగు పెట్టాను. ప్రకటన కాయితం నా ముందుకు తోసి "ఏదయ్యా క్షమాపణ? వేలు పెట్టి చూపించు" అన్నారు. వెతికాను. "నా వ్యాఖ్యల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే విచారం వ్యక్తం చేస్తున్నాను" అని ఉంది.

"అన్నది 'నా వ్యాఖ్యలు'. ఏ వ్యాఖ్యలు? దెబ్బతిన్నది 'ఎవరైనా'. ఎవరు? అదీ 'తిని ఉంటే'నట. విచారానికేం, వాన కురవకపోయినా విచారమే. హెడ్డింగు మార్చు."

"మంత్రి విచారం" అని మార్చాను. అక్షరాలు తగ్గి హెడ్డింగు పొట్టిదైపోతే పక్కన ఆయన ఫొటో పెంచాల్సి వచ్చింది. నవ్వుతున్న ఫొటో తప్ప లైబ్రరీలో ఇంకొకటి లేదు.

* * *

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, బాబాయికి తప్ప.

ఒక మండలంలో ఎమ్మార్వోగా పనిచేస్తున్నావిడని ఒక నాయకుడు ఆఫీసు వరండాలో, రైతులందరి ముందు తిట్టాడు. ఆవిడ ఫిర్యాదు చేసింది. వార్త నా బల్ల మీదకి వచ్చింది. విలేకరి మాట పూర్తిగా పంపాడు. ఆడమనిషి పుట్టుకనీ శీలాన్నీ కలిపి అనే మాట. నేను అలవాటు ప్రకారం తీసేసి "మహిళా అధికారిపై ఆగ్రహం" అని వేశాను. రెండ్రోజులకి నాయకుడి విచారం వచ్చింది, అదీ వేశాను. నా లెక్కలో ఆ వార్త అక్కడితో సరి.

ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది. కోపంగా లేదు, అదే ఇబ్బంది.

"అతనేమన్నాడో మీరు వేయలేదండీ. పేపరు చూసినవాళ్లంతా ఆగ్రహం వస్తే పెద్దాయన ఒక మాట అన్నాడు, దానికింత రాద్ధాంతమా అంటున్నారు. మా అత్తగారే అన్నారు. అతను సారీ కూడా చెప్పేశాడు కదా అంటున్నారు. దేనికి చెప్పాడో ఎవరికి తెలుసు?"

"అలాంటి మాటలు అచ్చు వేయలేం మేడమ్" అన్నాను.

"వేయమనట్లేదండీ. ఏ రకం మాటో అయినా రాయొచ్చుగా. వరండాలో నేను విన్నాను. మీరు చదివారు. మీరు పరువుగా ఉండటం కోసం అతని పరువు కాపాడారు." ఆవిడే మళ్లీ "సరేలెండి, మీ పనికి అడ్డమొచ్చాను" అని పెట్టేసింది.

ఆ ఆదివారం బాబాయికి చెప్పాను. అప్పటికి రిటైరయ్యాడు. వేరుశనక్కాయలు వలుస్తూ విన్నాడు. "మేం నక్షత్రాలు పెట్టాం, మీరు చుక్కలు పెట్టారు. చుక్కలన్నా నక్షత్రాలేగా" అన్నాడు. తర్వాత, "ఆవిడకి నువ్వేమైనా చెప్పావా?" అని అడిగాడు. లేదన్నాను. తొక్కలు పోగు చేసి లేచి వెళ్లిపోయాడు.

* * *

ముసలితనంలో బాబాయికి టీవీ కాలక్షేపం. సభ లైవ్ వచ్చాక నక్షత్రాల పని అయిపోయిందని అనేవాడు. స్పీకరు తొలగించమనేలోపే ఆ ముక్క అందరి ఫోన్లలో తిరుగుతోంది. కానీ పాత అలవాటు పోలేదు. ఏ నాయకుడు సారీ చెబుతున్నా పేపరు అంచు మీద పెన్సిల్‌తో రెండు గీతలు గీసేవాడు. మొదటిది ఎవరికి చెప్పాడు, రెండోది ఏ మాటకి చెప్పాడు. రెండూ ఉంటే టిక్కు. చాలా తక్కువ టిక్కులు పడేవి.

2017లో మణిశంకర్ అయ్యర్ ప్రధానిని 'నీచ్' అని, హిందీ తన మాతృభాష కాదనీ, ఆ మాటకి పుట్టుక తక్కువన్న అర్థం ఉంటే క్షమించమనీ అన్నప్పుడు బాబాయి ఒక గీత గీసి ఆగిపోయాడు. "'ఉంటే' వచ్చింది" అన్నాడు. 2019లో లోక్‌సభలో సభాధ్యక్ష స్థానంలో ఉన్న రమాదేవి గారితో వెకిలిగా మాట్లాడిన ఆజంఖాన్ నాలుగు రోజుల తర్వాత లేచి క్షమాపణ చెబితే, వినపడలేదని సభ్యులు గోల చేశారు, రెండోసారి చెప్పాడు. "తిట్టు ఒక్కసారికే వినపడుతుంది చూడు" అన్నాడు బాబాయి.

2021 నవంబరులో మన ఆంధ్ర అసెంబ్లీ గొడవ చూసి ఆరోజు అన్నం సరిగ్గా తినలేదు. తన భార్యని కించపరిచారంటూ చంద్రబాబు గారు విలేకరుల ముందు ఏడవడం, అలా అననే లేదని అవతలి పక్షం అనడం. బాబాయి ఎవరి పార్టీ అన్నది నాకు చివరిదాకా తెలియదు, సర్వీసులో అలా బతికాడు. కొన్నాళ్లకి అప్పటి ఎమ్మెల్యే వల్లభనేని వంశీ టీవీలో భువనేశ్వరి గారి పేరు పెట్టి క్షమాపణ చెబితే, పేరు చెప్పాడన్న గీత మాత్రం పడింది. 2023 సెప్టెంబరులో చంద్రయాన్ విజయం మీద చర్చ జరుగుతుంటే లోక్‌సభలో బీజేపీ సభ్యుడు రమేశ్ బిధూరి, బీఎస్పీ సభ్యుడు డానిష్ అలీని మతం పేరుతో తిట్టాడు. వెంటనే లేచి విచారం చెప్పింది తిట్టిన మనిషి కాదు, రాజ్‌నాథ్ సింగ్. బిధూరి విచారం డిసెంబరులో, సభాహక్కుల సంఘం ముందు. బాబాయి ఆ పేపరు అంచు ఖాళీగానే వదిలేశాడు. "చంద్రుడి దాకా వెళ్లొచ్చాం" అని మాత్రం గొణుక్కున్నాడు.

నా మటుకు నాకు, కోర్టు భయంతో చెప్పిన క్షమాపణ కూడా లేనిదానికన్నా నయమే అనిపిస్తుంది, పేరూ మాటా ఉంటే. బాబాయి ఒప్పుకునేవాడు కాదు. ఈ విషయంలో మేమిద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు.

* * *

పుస్తకాలు మా ఇంటికి తెచ్చుకున్నాను. బాబాయితో పనిచేసినాయన ఒకరు చూసి రెండు పేజీలు చదివి పెట్టారు. ఒకటి వాతావరణ సూచన. రెండోది ధాన్యం సేకరణ. మూడో పేజీ మధ్యలో ఒక గీత దగ్గర ఆగిపోయి "ఇది సన్నమో లావో తెలియట్లేదండీ, సీసం చెదిరిపోయింది" అన్నారు.

ఆ ఎమ్మార్వో గారు రిటైరై సొంతూళ్లోనే ఉన్నారట, అప్పటి మా విలేకరి వాకబు చేసి చిరునామా పంపాడు. నిన్న రాత్రి ఆవిడకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నేనెవరో, ఏ వార్తో రాశాను. ఆ నాయకుడు మిమ్మల్ని అన్న మాట నేను చదివాను అని రాసి, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే మూడు చుక్కలు పెట్టేసింది. వాటిని కొట్టేసి, అది ఏ రకం మాటో, నేనెలా తీసేశానో, దాని చోట ఏం పెట్టానో రాశాను. పొద్దున పోస్టు చేశాను. జవాబు వస్తుందని లేదు.